లక్ష్మీరాజం పండుగ కొట్లాటలు

పండుగ పూట పరాయి ఊరి మనిషి కంటబడితే చాలు, లక్ష్మీరాజం కొట్లాట పెట్టుకోనిదే ఇంటికి రాడు. మామూలు రోజుల్లో చీమకు కూడా పక్కకు జరిగి దారిచ్చే మనిషి. ఎల్లారెడ్డి ఊళ్లో ఎవరూ అతను గొంతు పెంచగా వినలేదు. పండుగ రావాలి, కొత్త ముఖం కనబడాలి, అంతే; చెయ్యి మీసం మీదికి పోయేది.

అతని వదిన రాజమణి కళ్లారా చూసిన మొదటి కొట్లాట పీర్ల పండుగ నాటిది. పీర్లు లేచే వేళ, తలకు ఎర్ర రుమాలు చుట్టుకుని బిచ్కుంద నుంచి వచ్చిన ఒకాయన గోడ పక్కన ఒంటరిగా నిలబడి ఉన్నాడు. లక్ష్మీరాజం తిన్నగా పోయి ఆయన ఎదుట నిలబడ్డాడు.

"మీ బిచ్కుంద జొన్నరొట్టెలు అట్టల లెక్క ఉంటయట గద?"

"ఎవడన్నడు? మా ఇంటి రొట్టె ముందట మీ ఎల్లారెడ్డి రొట్టె ఏపాటిది?"

"తినకుండనే అంటవా?"

"తిన్నా గా మాటనే అంట."

"అయితె పా. మా వదినె చేసిన రొట్టె తిని, నా మొఖం మీద అను."

కాసేపట్లో ఎర్ర రుమాలాయన రాజమణి ఇంట్లో పీట మీద ఉన్నాడు. అయిదో రొట్టె తుంచుకుంటూ కూడా ఉప్పు జర తక్కువైందనే అన్నాడు. కొట్లాట గెలిచినవాడిలా లక్ష్మీరాజం నవ్వుతూ, ఇంకొంచెం పప్పు వెయ్యమన్నాడు. బావి దగ్గర రాజమణి నోరు తెరిస్తే ఆడవాళ్లంతా బిందెలు పక్కకు జరుపుకునేవారు. అలాంటిది, తన చేతి రొట్టెకు తన ఇంట్లోనే వంక పెట్టించుకుని గమ్మున ఉండాల్సి వచ్చింది. ఆ కోపాన్ని పొయ్యిలో కట్టె మీద చూపించింది.

ఇదంతా ఇటలీ నుంచి తెచ్చుకున్న జబ్బు. నిజాంసాగర్ కాలువలకు నీళ్లు వదిలిన కొత్తలో సర్కారు వారు ఖర్చులకు వజీఫా డబ్బులిచ్చి, నీళ్ల ఇంజినీరు చదువు కోసం అతన్ని పాడువా పట్నానికి పంపారు. పోయేటప్పుడు ఎవరైనా తినమని పిలిస్తే తలుపు వెనక దాక్కునేంత బిడియస్తుడు. తల్లి పోయిన ఆ మరిదిని ముద్దలు కలిపి పెట్టి పెంచింది రాజమణే. పెద్ద యుద్ధం మొదలవక ముందే క్షేమంగా తిరిగొచ్చాడని సంతోషపడేలోపు ఈ కొట్లాటలు మొదలయ్యాయి. పరాయి నీళ్లు పడక తలలో ఏదో జారిందని ఆమె నిమ్మకాయలు తిప్పి పారేసింది. పెరట్లో చెట్టు ఖాళీ అయింది గానీ గుణం కనబడలేదు.

బతుకమ్మ నాడు లింగంపేట గాజులాయనతో, మీ గాజులు చప్పుడు చెయ్యవని. ఉగాది నాడు కామారెడ్డి బస్సు అందుకోలేకపోయిన ముసలాయనతో, తప్పు నీదా బస్సుదా అని. అన్ని కొట్లాటలూ వచ్చి ఆ పీట మీదే తేలేవి. పండుగ వస్తే రాజమణి పిండి రెండింతలు కలపడం మొదలుపెట్టింది. కోపంతోనే కలుపుతున్నానని అందరికీ చెప్పేది.

దసరా నాడు మాత్రం పని చెడింది. ఠాణాకు కొత్తగా బదిలీ మీద వచ్చిన పోలీసు అమీను సాబు మామూలు బట్టల్లో జమ్మి దగ్గర నిలబడి ఉంటే, లక్ష్మీరాజం ఏదో మాటకు తగులుకుని రెక్క పట్టి ఇంటికి గుంజుకొచ్చాడు. అమీను సాబు తానెవరో చెప్పకుండా భక్ష్యాలు తిని పోయాడు. తెల్లారి జవాను వచ్చి, రాజమణి పెనిమిటి భూమయ్యను ఠాణాకు పిలుచుకుపోయాడు. పోలీసు రెక్క పట్టి గుంజే తమ్ముణ్ని ఎట్లా పెంచావని అమీను పదిమంది ముందు అడిగాడట. భూమయ్య ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పలేదు.

"ఇంకొక్క కొట్లాట ఇన్ననంటె నడింట్ల గోడ లేస్తది. నీ పొయ్యి నీది, మా పొయ్యి మాది."

లక్ష్మీరాజం అన్న చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాడు. భూమయ్య అన్నాడంటే చేసే మనిషి. తాను పెంచినవాడు గోడ అవతల వేరే వండుకు తింటాడన్న ఊహకే రాజమణికి ఆ పూట ముద్ద దిగలేదు.

అందుకని, మళ్లీ పీర్ల పండుగ రాగానే తానే మరిదికి కావలి వెళ్లింది. పీర్లు ముందుకు పోతున్నా లక్ష్మీరాజం చూపు అటు లేదు. చేతులు వెనక్కి కట్టుకుని, గోడ నీడలో గోచీ పోసి కట్టిన కాష్టచీరతో కూర్చున్న ముసలామెనే చూస్తున్నాడు. డోంగ్లి నుంచి మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన రుక్మాబాయి అని షర్బత్ పోసేవాడు చెప్పాడు. ఆమెను దింపిన బండి పొద్దుగూకితే గానీ తిరిగిరాదట.

"ముసలవ్వతోని గూడ కొట్లాడుతవా ఏంది?" అంది రాజమణి.

"తిన్నవా అని అడిగిన, వదినె. తిన్ననన్నది. మొఖం జూస్తె తిన్నట్టున్నదా?"

ఇన్నేళ్లకు అప్పుడు నోరు విప్పాడు. పాడువాకు అంతోని అనే సాధువు ఊరి దేవుడు. ఆయన పండుగ నాడు బొమ్మను, అచ్చం మన పీర్ల లాగే, భుజాల మీద ఊరేగిస్తారు. ఆ రోజు ఇతను రోజూ తినే కొట్టు మూసేశారు. దారిలో ఒకరిద్దరు తింటావా అంటే, సిగ్గుపడి తిన్నానన్నాడు. ఆకలితో నిలబడి ఉండగా సాధువు బొమ్మ ఎదురొచ్చింది. మగవాళ్లంతా టోపీలు తీశారు. పెద్దల ముందు తల కప్పుకోవడమే మర్యాదని ఎరిగిన ఇతను తన కుచ్చు రూమీ టోపీని ఇంకా గట్టిగా సర్దుకున్నాడు. పక్కనున్న ముసలమ్మ ఆ టోపీ ఊడబెరికి, తిట్టుకుంటూ రెక్క పట్టి గుంజుకుపోయింది. ఠాణాకే అనుకున్నాడు. ఆమె మాత్రం తన ఇంట్లో బల్ల ముందు కూర్చోబెట్టి, రొట్టె, చిక్కుడుగింజల పులుసు పెట్టి, గిన్నె ఖాళీ అయ్యేదాకా తిడుతూనే ఉంది.

"పిలిస్తె సిగ్గయితది వదినె. కొట్లాటల పడ్డంక సిగ్గు యాదికి రాదు."

రాజమణికి అప్పుడు అర్థమైంది. మరిది తల చక్కగానే ఉంది. పాడైనవి నిమ్మకాయలే. బిచ్కుంద ఆయన ఉప్పు తక్కువన్న మాటను కూడా ఆ క్షణాన మాఫీ చేసేసింది. అంతలోనే నడింటి గోడ గుర్తొచ్చి, మరిది చొక్కా అంచు గట్టిగా పట్టుకుంది.

లక్ష్మీరాజం కదల్లేదు. వదిన చెవి దగ్గరికి వంగాడు.

"అన్నకు మాటిచ్చింది నేను. నువ్వు ఇయ్యలేదు గద. నీ నోటికి ఊర్ల ఎదురు లేదు. పో వదినె, ఆ అవ్వతోని జర కొట్లాడు."