ఉబ్బని చెక్క

లైబ్రరీలో ఆ వ్యాసం నేను చివరిదాకా చదివాను. నాన్నకు మాత్రం సగమే చెప్పాను. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాయలేదు.

నాన్న కొల్లేరు లంకల్లో చేపల చెరువులకు మేత పడవలు చేసేవారు. టేకు అందనంత ఖరీదయ్యాక, తాడేపల్లిగూడెం కోత మిల్లు నుంచి జామాయిల్ పలకలు తెచ్చేవారు. తోటల్లో తొందరగా పెరిగిన చెట్లవి. తడిసి ఆరితే వంకర తిరిగేవి, రెండో ఏటికే కుళ్లేవి. చెరువుల వాళ్లంతా ఫైబర్ పడవలకు మళ్లుతుంటే నాన్నకు ఒక్క ఆసామి మిగిలాడు.

నేనప్పుడు ఏలూరులో డిగ్రీ చదువుతున్నాను. గాలి తగలకుండా బాగా వేడిచేస్తే తోట కలప నీరు పీల్చదని, త్వరగా కుళ్లదని ఆ వ్యాసంలో ఉంది. పెళుసుబారుతుందని, బరువు మోసే చోట వాడొద్దని కూడా ఉంది. ఇంట్లో నోరెత్తని నేను ఆ సాయంత్రం మాట్లాడుతుంటే నాన్న పని ఆపి విన్నారు. ఎక్కడ వినడం మానేస్తారోనని ఆ రెండో ముక్క మింగేశాను.

ఇనప పెట్టెలో పలకలు పేర్చి, మూత చుట్టూ బంకమట్టి మెత్తి, ఊక నిప్పు మీద రెండు రోజులు కాచారు. తీసి చూస్తే డికాక్షన్ రంగులో, తేలిగ్గా ఉన్నాయి. తొట్టిలో వేసినా బరువెక్కలేదు. "అచ్చం టేకులా ఉంది కదమ్మా," అన్నారు నాన్న.

కొత్త పడవను మూడు రోజులు కాలవలో ముంచి ఉంచడం మా వాళ్ల పద్ధతి. చెక్క నీరు తాగి ఉబ్బితే పలకల మధ్య సందులు వాటంతటవే మూసుకుంటాయి. నాన్న ఎప్పటిలాగే గోరంత సందు వదిలారు. నీరు తాగని చెక్క ఉబ్బదన్నది ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. నాలుగోరోజు నీళ్లు తోడి పడవను తేలిస్తే, అన్ని సందుల్లోంచీ కాలవ లోపలికి వచ్చేసింది.

"ఇదేంటి మేస్త్రిగారూ, పడవడిగితే జల్లెడ చేశారు. చేపలకి మేతెయ్యమంటే నన్నే మేతేసేట్టున్నారండీ," అన్నాడు ఆసామి.

నాన్న నవ్వలేదు. సందులు బిగిద్దామని ఇంకో వరస మేకులు కొట్టారు. మూడో మేకుకే పలక నిలువునా చీలింది. పక్క పలకా చీలింది. ఎందుకు చీలిందో అక్కడున్న వాళ్లలో నాకొక్కదానికే తెలుసు.

"ఇంక ఉండనివ్వండి లెండి," అని ఆసామి మెల్లగా చెప్పి వెళ్లిపోయాడు. వారానికల్లా అతని చెరువులోనూ ఫైబర్ పడవ తిరిగింది.

నాన్న దూరంగా ఒక చెరువు గట్టుకు కాపలా కుదిరారు. అక్కడే జ్వరమొచ్చి పోయారు. బయల్దేరిన రోజు పొద్దున చెప్పులేసుకుంటూ, నా వైపు చూడకుండా అన్నారు:

"ఆ బాడిసా చిత్రికా, నా పనిముట్లన్నీ ఎవరికన్నా ఇచ్చెయ్యమ్మా. నేనింట్లో లేనప్పుడియ్యి."