అందరికీ పదకొండో నంబరే

ఆ రోజుల్లో, అంటే నా కంప్యూటర్ కోర్సు సర్టిఫికెట్ మీద సిరా ఇంకా ఆరని రోజుల్లో, సులువైన పనిని సులువుగా చేయడం నాకు నామోషీగా ఉండేది. కాజీపల్లిలో ఒక మందుల ఫ్యాక్టరీ వాళ్లు ఆరు నెలలు చూద్దామని నన్ను పెట్టుకున్నారు. మేనేజర్ సారు అప్పగించిన తొలి ఘనకార్యం, మూడు వందల మంది గంబూట్ల సైజులు కంప్యూటర్‌కెక్కించి ఆర్డరు పంపడం. (రాకెట్ పంపమన్నట్టే విన్నాను.) "సోమవారం ఇన్‌స్పెక్షన్. ఒక్కరు చెప్పుల్తోని కనవడ్డా నీ పర్మనెంట్ సంగతి మర్చిపో" అన్నాడు. నేనేమో పర్మనెంట్ అయిపోయిందని ఊళ్లో అప్పటికే చెప్పేసుకున్నాను.

అప్పటిదాకా ఆ సైజులు స్టోర్ చూసుకునే పెద్దాయన, అందరూ కాక అని పిలిచే మనిషి దగ్గర, అట్టల మీద ఉండేవి. కొత్తవాళ్లు రాగానే పాదం అట్ట మీద పెట్టించి, పెన్సిలుతో చుట్టూ గీసి, పేరు, నంబరు రాసి దాచేవాడు. నేను అంకెలన్నీ ఎక్కించి, ఆ అట్టల్ని దర్జాగా పాతసామాన్లు కొనే కబాడీకి వేయించాను. "జెర నాలుగు దినాలుండనియ్యి బిడ్డా" అన్నాడు కాక. "గిది కంప్యూటర్ కాకా, మర్చిపోదు" అన్నాను.

ప్రోగ్రాములో ముందు పనివాడు అని ఒక అచ్చు రాసుకోవాలి, దాన్నే క్లాస్ అంటారు. అందులోంచి వచ్చే ఒక్కో మనిషికీ పేరు, సెక్షను, బూటు సైజు అని గళ్లుంటాయి. మామూలు గడి పెడితే పది నిమిషాల పని. అది ఎవడైనా చేస్తాడు కదా! అందుకని నేను సైజు గడి ముందు సొంతంగా ఒక కావలివాణ్ణి నిలబెట్టాను. వాణ్ణి డిస్క్రిప్టర్ అంటారు. సైజు రాసినా, అడిగినా వాడి చేతి మీదుగానే. పరీక్షించాను కూడా, ఒకే ఒక్క మనిషితో. ఆ మనిషిని నేనే. ఏడు అని రాశాను, ఏడు అనే చెప్పాడు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

శనివారం పొద్దున లారీ దిగింది. ప్యాకింగ్ అక్క, పిడికెడంత మనిషి, బూటులో కాలు పెట్టి, "ఏంది తమ్మీ, గిండ్ల నేను, నా బిడ్డ ఇద్దరం వడ్తం" అంది. బీహార్ భయ్యా "యే జూతా హై కి నావ్?" అని, ఇది బూటా పడవా అన్నట్టు అడిగాడు. మూడు వందల జతలూ పదకొండో నంబరే. సంతోషించింది ఒక్క బాయిలర్ అన్న. "మస్తున్నయ్! జిందగీల మొదటిసారి నా సైజు దొరికింది" అన్నాడు.

సంగతేమిటంటే, కావలివాడు అచ్చుకు చెందినవాడు, మూడు వందల మందికీ వాడొక్కడే. ఎవరి సైజు వాళ్ల గడిలో రాయాల్సినవాడికి, తన జేబులో వేసుకోమని నేర్పాను నేను. కొత్త సైజు రాగానే పాతది పోయేది. అందరినీ ఎక్కించాక చివర్లో ఒకేసారి భద్రపరిచాను. అప్పటికి జేబులో మిగిలింది ఆఖరి పేరైన బాయిలర్ అన్న పదకొండు. అందరి గళ్లలోకీ అదే వెళ్లింది. అట్టలా, కబాడీలో. సగం మంది సెలవులో ఉన్నారు, లారీ మధ్యాహ్నానికి తిరిగిపోతుంది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

కాక బీడీ ఆర్పి స్టూలు మీద కూర్చున్నాడు. "రాస్కో. ప్యాకింగ్ అక్క నాలుగు. బీహారాయన ఎనిమిది, ఎడమ కాలు జెర పెద్దది..." అని మూడు వందల పాదాలూ వరుసగా చెప్పుకుపోయాడు. నేను రాసుకుంటూ పోయాను. "అట్టలు కబాడీకేసినవ్ గని, నన్నైతే ఎయ్యలే గద బిడ్డా" అన్నాడు.

ఆ జాబితాతో లారీ వెనక్కెళ్లి, ఆదివారం సరైన సైజులు తెచ్చింది. ఇన్‌స్పెక్షన్ గట్టెక్కింది, నా ఉద్యోగమూ నిలిచింది. పర్మనెంట్ కాగితం వచ్చిన రోజు కాక ఒక పదకొండో నంబరు జత నా చేతిలో పెట్టి, "ఉంచుకో, ఎప్పటికన్న నిండుతవేమో" అన్నాడు. ఇప్పుడు ఎవరు డిస్క్రిప్టర్ రాసి చూపించినా నేనడిగేది ఒకటే, ఇద్దరు మనుషులతో చూశావా అని. తనొక్కడితో పరీక్షించుకుని మురిసిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. ఏడాదికోసారి ఆ బూట్లు తొడిగి చూసుకుంటాను. ఇంకా వదులే.