ముక్కులో ఉప్పునీళ్లు

పంతొమ్మిదివందల ముప్పైల్లో, ట్రైనింగు పూర్తయిన ఏడాదే, నన్ను కొల్లేటి లంకలో ఒక మిషన్ బడికి మాస్టరుగా వేశారు. అప్పటికి నాకు ఇరవై ఏళ్లు. ఏలూరులో పుట్టి పెరిగినవాణ్ణి. ఆ లంక ఊరంతా ఒక దిబ్బ మీద ఉండేది. వానాకాలంలో నాలుగు వైపులా నీళ్లే. బడి ఒకటే గది, తాటాకు కప్పు, పాతికమంది పిల్లలు. అందరికీ ముక్కులు కారుతూనే ఉండేవి.

ఆ వానల్లోనే, ముందు వరసలో కూర్చునే పిల్లవాడొకడికి జలుబు గుండెల్లోకి దిగింది. డొక్కలెగరేస్తూ మూడు రోజులు బతికాడు. గొయ్యి తవ్వుతుంటే నీళ్లూరాయి. ఆ నీళ్లలోకే వాణ్ణి నా చేతులతో దించాను.

ఆ ఆదివారం ఏలూరు వెళ్లి, మిషన్ ఆస్పత్రి నర్సమ్మగారిని ఏంచెయ్యమంటారని అడిగాను. "రోజూ పొద్దున్నే పిల్లల ముక్కులు ఉప్పునీళ్లతో కడగండి. జలుబులు కొంత తగ్గుతాయి" అన్నారు. ఆవిడ ఇంకా ఏదో చెబుతూనే ఉన్నారు. నాకు కావలసింది దొరికిందనుకుని లేచి వచ్చేశాను.

సోమవారం కుండెడు కొల్లేటి నీళ్లు ముంచి తెచ్చి, అందులో గుప్పెళ్లతో కల్లుప్పు వేశాను. చంటిపిల్లలకి పాలు పట్టే ఉగ్గుగిన్నె ఒకటి అడిగి తెచ్చుకున్నాను. దాని కొమ్ము ముక్కుపుటంలో సరిగ్గా పట్టేది. మొదటి పిల్లవాడు కెవ్వుమన్నాడు. మందన్నాక మండుతుంది అనుకున్నాను. బుధవారానికి పిల్లలు నన్ను చూసి నీటి ఒడ్డున తూటికాడ పొదల్లో దాక్కోవడం మొదలుపెట్టారు. వెతికి ఈడ్చుకొచ్చాను. పిక్కల మీద బెత్తంతో కొట్టాను. కొడుతున్నప్పుడు నా కళ్ల ముందు ఆ గోతిలో నీళ్లే ఉండేవి. ఈ మాట తప్పు ఒప్పుకోవడానికి రాస్తున్నానే గాని, కప్పిపుచ్చడానికి కాదు.

గురువారం ఒక పడవవాడి కూతురి వంతు వచ్చింది. తొమ్మిదేళ్ల పిల్ల, బక్కగా ఉన్నా మొండిది. పెదాలు బిగించి తల అడ్డంగా ఊపింది. చెయ్యి పట్టుకుంటే నా బొటనవేలు కొరికింది. రక్తం వచ్చింది. నేను ఆ పిల్ల చెంప పగలగొట్టాను. నేల మీద పడేసి, తల రెండు మోకాళ్ల మధ్య ఇరికించి, జుట్టు పట్టుకుని, గిన్నెడూ ముక్కులో వొంపేశాను.

ఏడవడానికి నోరు తెరిచిందో ఏమో, నీళ్లు ఊపిరిలోకి పోయాయి. కళ్లు తేలేసింది. మొహం నల్లబడింది. బోర్లా తిప్పి వీపు మీద గుద్దాను. దగ్గింది. ముక్కులోంచి నీళ్లతోపాటు ఎర్రగా నెత్తురు పడింది. లేచి, మొలలోతు నీళ్లలో పడుతూ లేస్తూ ఇంటికి పారిపోయింది.

కాసేపటికే ఆమె తండ్రి వచ్చాడు. చేతిలో పడవ నడిపే వెదురు గెడ.

"మేష్టారూ, ఒకసారి బయటకి రండి" అన్నాడు.

గుమ్మం దాటానో లేదో, గెడ గాలిలో లేచింది. ఎడమ చెయ్యి అడ్డం పెట్టాను. ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది. బురదలో పడ్డాను. డొక్కలో తన్నాడు. రెండోసారీ తన్నాడు.

"నేను కూడా మందే ఇస్తున్నానండీ. కదలకండి."

తన్నుతున్నంతసేపూ ఆ మనిషి 'అండీ' మానలేదు. నా గుండెల మీద కూర్చుని, కుండలోంచి ఉగ్గుగిన్నె ముంచి పిల్లల చేత తెప్పించి, నేను చేసినట్టే నా ముక్కులో పోశాడు. కళ్ల వెనక ఎవరో నిప్పుకణికలు దోపినట్టయింది. ఊపిరి అందలేదు, అరవబోతే గొంతు నిండా ఉప్పు. నాలుగు రోజులుగా ఆ నీళ్లను నేను నోట్లో వేసుకుని కూడా చూడలేదని అప్పుడు తెలిసింది. చుట్టూ నిలబడిన పిల్లల్లో ఒకడు నవ్వాడు. తరవాత అందరూ నవ్వారు.

లంకలో ఆ పూట ఖాళీగా ఉన్న పడవ అతనిదే. నన్ను ఆస్పత్రికి తీసుకెళ్లిందీ అతనే. కాలవలోకి తిరిగాక, "పిల్ల చచ్చిపోద్దనుకున్నానండీ" అన్నాడు.

"నేనూ అదే అనుకున్నాను" అన్నాను.

అతను గెడ ఆపి నా వైపు చూశాడు. మళ్లీ కొడతాడనుకున్నాను. కొట్టలేదు.

నర్సమ్మగారు చెయ్యి చూసి, "ఎలా పడ్డారండీ?" అన్నారు.

"జారి..." అన్నాను.

"నేనే కొట్టానండీ" అన్నాడతను, గుమ్మం దగ్గర నిలబడి. ఎందుకో కూడా చెప్పాడు.

ఆవిడ నా వైపు తిరిగారు. "ఉప్పెంత వేశారు?"

"గుప్పెళ్లతో..."

"నీళ్లు కాచారా?"

లేదన్నాను.

"కాచి చల్లార్చిన గోరువెచ్చని నీళ్లు, చెంబెడు నీళ్లకి ఒక చిన్న చెంచా ఉప్పు. రుచి చూస్తే కన్నీళ్లలా ఉండాలి. భయపడే పిల్లకి పొయ్యనే కూడదు. నేను చెప్పేటప్పుడు మీరు లేచి వెళ్లిపోయారు." ఆవిడ కట్టుగుడ్డ చింపుతూ అన్నారు. "ఆ పిల్ల చచ్చిపోయి ఉంటే నా పేరు కూడా చెప్పేవారు కదండీ!"

చెయ్యి కట్టాక నీళ్లు కలిపి, పళ్లెం మీద వంగి, తల పక్కకి వాల్చి, నోటితో గాలి పీల్చుకుంటూ తన ముక్కులోనే పోసుకుని చూపించారు. ఇవతలి పుటంలో పోసిన నీళ్లు అవతలి పుటంలోంచి సన్నగా జారాయి. పడవవాడు ముందుకొచ్చి, "నేనూ చూడొచ్చాండీ?" అన్నాడు. మొదటిసారికే సరిగ్గా చేశాడు. చాలాసేపు ముక్కు తడుముకుంటూ నిలబడ్డాడు.

"ఏమీ మండలేదండీ" అన్నాడు. నాకంటే అతనికే ఎక్కువ ఏడుపొచ్చింది.

చెయ్యి అతుక్కున్నాక బడికి తిరిగి వెళ్లాను. రోజూ పొద్దున్నే పిల్లల ఎదుట నా ముక్కు నేనే కడుక్కునేవాణ్ణి. ఎవర్నీ రమ్మనలేదు. నెల తిరిగేసరికి పెద్దపిల్లలు ఆరుగురు తామూ కడుక్కుంటామని వచ్చారు. పడవవాడు తన పిల్లలకి ఇంటి దగ్గరే చేయించాడని విన్నాను. ఆ చలికాలం బడిలో ఎవరూ చనిపోలేదు. అది నీళ్ల చలవో కాదో నేను చెప్పలేను. ఇంకెప్పుడూ పిల్లల మీద చెయ్యి చేసుకోలేదని రాస్తే అబద్ధమవుతుంది. ఆ ఏడే మరో ఇద్దర్ని కొట్టాను.

ఆ పిల్ల మరుసటి ఏడు గాని బడికి రాలేదు. వచ్చాక వెనక వరసలో, తలుపు పక్కన కూర్చునేది. లెక్కల్లో అందరికంటే చురుకు. పలక చూద్దామని నేను దగ్గరికి వెళితే మాత్రం, పలక ఒళ్లో వదిలేసి రెండు చేతులతో ముక్కు మూసుకునేది. నేను దూరంగా నిలబడే, జవాబు పైకి చదవమనేవాణ్ణి.