ఫారంలో నేను టిక్ పెట్టిన రంగు

లేజర్ చేయించుకున్న మూడో వారం, ఎరుపు తగ్గిందని సంబరపడుతూ అద్దం ముందుకెళ్లాను. రెండు బుగ్గల మీదా గోధుమరంగు మచ్చలు. సబ్బుతో రుద్దినా పోలేదు.

మొటిమల గుంటలు పోవాలని చేయించుకున్నాను. టెక్సాస్‌లో, మా ఇర్వింగ్ ఆఫీసులో పక్క సీటు ఎలెనా వాళ్లది మెక్సికో నుంచి వచ్చిన కుటుంబం. ఒంటిరంగు ఇంచుమించు నాదే. లేజర్‌తో తన ముఖం నున్నగా అయింది. తనకి బాగున్నది నాకెందుకు బాగుండదని, ఇంటికి దగ్గర్లో ఉన్న, బ్యూటీ పార్లర్‌లాంటి ఒక మెడ్ స్పాలో బుక్ చేసేశాను.

రెండు రోజుల్లో మచ్చలు ఇంకా నల్లబడ్డాయి. ఐదేళ్ల మా అమ్మాయి ముద్దు పెట్టబోయి ఆగిపోయింది. "అమ్మా, నీ ఫేస్‌కి ఏమైంది? నేను టచ్ చెయ్యను" అంది. బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. ఇక జన్మంతా ఇదే ముఖమా అని ఒకటే భయం.

ఎలెనాకి లేజర్ చేసిన డెర్మటాలజిస్ట్ దగ్గరికే పరిగెత్తాను. ఆవిడ చూసి, "పోస్ట్ ఇన్‌ఫ్లమేటరీ హైపర్‌పిగ్మెంటేషన్. అంటే చర్మం కమిలాక వచ్చే నల్లమచ్చలు. హిస్పానిక్ పేషెంట్స్‌కీ, మీ ఇండియన్స్‌కీ ఈ రిస్క్ ఎక్కువ. స్పా వాళ్ల ఫారంలో స్కిన్ టైప్ ఏం పెట్టారు?" అని అడిగారు.

"ఫెయిర్" అన్నాను.

ఆవిడ కళ్లజోడు తీసి నావైపు చూశారు. అక్కచెల్లెళ్లలో నేనే తెల్లపిల్లనని, పెళ్లిచూపుల్లో కూడా అదే అన్నారని ఆవిడకెలా చెప్పను? సిగ్గుతో చచ్చిపోయాను. మెషీన్ కూడా తెల్లవాళ్ల చర్మానికి వాడే ఎక్కువ సెట్టింగ్‌లోనే పెట్టి ఉంటారని ఆవిడ అన్నారు. ఫారం చూశారు సరే, ముఖం చూడొద్దూ అని ఆ స్పా వాళ్ల మీద ఒళ్లు మండింది.

తర్వాత ఎలెనా చెప్పింది, తనకి ముందు దవడ కింద చిన్న చోట టెస్ట్ స్పాట్ చేసి, నెల ఆగి, తక్కువ సెట్టింగ్‌లో చేశారట. లేజర్‌కి వెళ్లేముందు నేను తనని అడగనేలేదు.

మచ్చల రంగు తగ్గించే హైడ్రోక్వినోన్ క్రీం, సన్‌స్క్రీన్, టోపీ మొదలయ్యాయి. కాస్త తగ్గుతోందనుకునేలోపు ఆ క్రీంకే చర్మం మండి ఎర్రబడింది. మళ్లీ నల్లబడుతుందేమోనని వారం రోజులు అద్దం చూడలేదు. "స్టాప్ ఇట్ ఫర్ నౌ" అని డాక్టర్ వేరే క్రీం ఇచ్చారు.

ఇప్పటికి పదకొండు నెలలు. చాలావరకు పోయాయి. ఎడమ బుగ్గ మీద బొట్టుబిళ్లంత మచ్చ మిగిలింది. అది పోతుందో లేదో డాక్టరే చెప్పలేకపోతున్నారు. ఎండలోకి వెళ్లాలంటే ఇంకా గుండె దడే. మా అమ్మాయి మాత్రం ముద్దులు పెడుతోంది.

లేజర్ చేయించుకోవాలనుకునేవాళ్లు ముందు చెవి వెనకో, దవడ కిందో టెస్ట్ స్పాట్ పెట్టించుకోండి. ఆ చిన్న చోటు ఏ రంగుకి తిరుగుతుందో నెల రోజులు ఆగి చూడండి. నేను ఆగలేదు. నాకు మొత్తం ముఖమే టెస్ట్ స్పాట్ అయింది.