చుక్క ఆకుపచ్చే, నంబరు 471

ఆఖరి రోజు పొద్దున నా భార్య సుభద్ర కాస్త జావ తాగింది. మధ్యాహ్నం చూడ్డానికి వచ్చినవాళ్లు బిస్కట్ ప్యాకెట్ ఇస్తే, వెనకవైపు చదవమంది. శాకాహారమని చెప్పే ఆకుపచ్చ చుక్కని తను ఎప్పుడూ నమ్మలేదు. మైదా, పంచదార, డాల్డా, ఎమల్సిఫయర్ 471 అని చదివాను. "అది నూనెలోంచి తీస్తారా, జంతువు కొవ్వులోంచా? కనుక్కోండి. అప్పుడు తింటాను" అంది. సాయంత్రానికే పోయింది. కొన్ని నెలల తరవాత, ఈ మాఘమాసంలో, ప్యాకెట్ మీది అడ్రసు పట్టుకుని బయల్దేరాను.

ఏలూరులో పొద్దున్నే పాసింజరు ఎక్కితే సుమారు గంటలో తాడేపల్లిగూడెం. టికెట్ పది రూపాయలు. దెందులూరు దాటాక రెండువైపులా దాళ్వా వరిచేలు, కిటికీ పక్కన కూర్చోండి. స్టేషన్ నుంచి ఆ బిస్కట్లు చేసిన బేకరీకి నడిచే వెళ్లాను. గల్లా దగ్గర యజమాని రహీమా గారు, లోపల పొయ్యి దగ్గర ఆవిడ భర్త.

నా భార్య ప్రశ్న ఇదీ అని అడిగితే రహీమా గారు నవ్వేశారు. "డబ్బా మీద ఉత్త నంబరే ఉంటుందండీ. దేన్నుంచి తీశారంటే సరుకు తెచ్చేవాడూ చెప్పలేడు. మీకు ఏ కొవ్వూ పనికిరాదు, మాకు పందిది పనికిరాదు. అందుకే మానేసి ఏడాదైందండీ."

"మరి కవరు మీద ఉందేంటమ్మా?"

"కవర్లు ఒకేసారి బోలెడు అచ్చేయించామండీ. అవి అయిపోవద్దా?" లోపలినుంచి భర్త గొంతు.

"చూశారాండీ ఈయన పొదుపు! వేసింది దాచేవాళ్లుంటారు. వేయనిది రాసుకున్నది మేమే." అని, "మేడం గారు తిన్నారా మరి?" అన్నారు.

తినలేదని, ఎందుకో చెప్పాను. ఆవిడ స్కెచ్ పెన్ను తీసి బల్ల మీది ప్యాకెట్లన్నిటి మీదా 471 కొట్టేయడం మొదలుపెట్టారు. "ఏవండీ, మీరూ రండి" అని పిలిస్తే ఆయన పిండి చేతులతోనే వచ్చారు. నాకూ ఒక పెన్ను ఇచ్చారు. టీ వచ్చేదాకా ముగ్గురం కొట్టేశాం.

తిరుగుప్రయాణంలో భీమడోలులో దిగి, ఆటోలో ఆగడాలలంక వైపు కొల్లేటి గట్టుకి వెళ్లాను. రానూపోనూ నూట యాభై. నీళ్ల మీద గూడబాతులు. బేకరీలో కొన్న రెండు ప్యాకెట్లలో ఒకటి డ్రైవరుకిచ్చాను.

"ఈ నల్లగీత ఏంటండీ?"

"అందులో లేనిది."

"ఉన్నది బాగుందండీ" అంటూ గట్టు దిగేలోపు ఖాళీ చేశాడు. చాలా రోజులకి నవ్వాను.

ఇన్నాళ్లూ సుభద్ర ప్రశ్నని బరువనుకున్నాను. అదే నన్ను ఇల్లు కదిలించింది. వెళ్లేవారికి ఒక్క మాట: చిన్న బేకరీలో కవరు చదివి ఊరుకోకండి, చేసినవాళ్లని అడగండి. రేపు పొద్దున టీ పెట్టుకుని, రెండో ప్యాకెట్ వెనకవైపు రాసింది పైకి చదివి, అప్పుడు విప్పుతాను.