పది లక్షల మూడు

పెళ్ళయ్యాక విజయనగరం నుంచి రాయ్‌పూర్ వచ్చి, దేవేంద్ర నగర్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాం. మా ఆయనకు భన్‌పురిలో లారీల ఆఫీసులో పని. సరుకు వెంట నాగపూర్ వెళితే ఎప్పుడొస్తారో చెప్పలేం. నాకు హిందీ రాదు. వంట, అంట్లు అయ్యాక మధ్యాహ్నం కదిలేది కాదు.

నేను బీఎస్సీ లెక్కలు చదివాను. పది లక్షలు దాటాక వచ్చే మొదటి ప్రధాన సంఖ్య పది లక్షల మూడని మా మాస్టారు చెప్పి, గంట కొట్టగానే వెళ్ళిపోయారు. అది నిజమో కాదో చూద్దామని ఒకరోజు పాత క్యాలెండర్ కాగితాల వెనక మొదలుపెట్టాను. పది లక్షల ఒకటి నూట ఒకటితో శేషం లేకుండా పోయింది, ఇక చూడాల్సింది మూడునే. వెయ్యి లోపు ప్రధాన సంఖ్యలతో భాగిస్తే చాలు. అంతకంటే పెద్దదానితో పోతే, దానికి జతగా వెయ్యి లోపుది ఒకటి ఉండి తీరాలి.

పై గదిలో కాకినాడ నర్సు ఉండేది. ఆ ఇంట్లో నాతో తెలుగు మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. కాగితాలు చూసి అడిగింది.

"ఏంటమ్మాయ్, ట్యూషన్లా?"

"కాదక్కా. ఇది దేనితోనైనా పోతుందేమో చూస్తున్నా."

"పోతే ఏమొస్తది?"

"ఏమీ రాదు."

నవ్వి, "ఇవాళ నాకు ఛుట్టీయే. సగం ఇటివ్వు," అంది.

ఆ తర్వాత సెలవు దొరికినప్పుడల్లా వచ్చి నా పక్కన చాప మీద కూర్చునేది. ఒకరోజు, "దొరికింది! ఇరవై మూడుతో పోయింది," అని అరిచింది. కాగితం నా వైపు లాక్కున్నాను. మళ్ళీ చేస్తే తీసివేతలో తప్పు, శేషం తొమ్మిది. ఆమె నిరాశ పడింది. నాకు మాత్రం హాయిగా అనిపించింది.

వానలు మొదలయ్యాక ఆమెకు బిలాస్‌పూర్ బదిలీ అయింది. మిగిలినవి నేనే చేశాను. చివరిది తొమ్మిది వందల తొంభై ఏడు. శేషం పన్నెండు. మాస్టారు చెప్పింది నిజమే. లేచి గుమ్మంలోకి వచ్చాను. చెప్పడానికి ఎవరూ లేరు. ఇంటావిడ గోధుమలు చెరుగుతూ, "క్యా హువా, బహూ?" అని, ఏమైందన్నట్టు చూసింది. ప్రధాన సంఖ్యను హిందీలో ఏమంటారో నాకు తెలియదు.

రెండు రోజులకు మా ఆయన వచ్చారు. అన్నం పెడుతూ చెప్పాను. ఆయన ఎడమ చేత్తో కాగితాల దొంతర తిరగేశారు.

"నేను లేనప్పుడు ఇదేనా చేసేదానివి?"

"ఆ."

చెయ్యి కడుక్కుని వచ్చి, పెన్సిల్ తీసుకుని పదమూడుతో భాగించారు. శేషం నాలుగు వచ్చింది. "నీకూ ఇంతేనా?" అన్నారు. ఇంతేనన్నాను.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ లారీ ఎక్కారు. మధ్యాహ్నం ఇంకో కాగితం తీసి పది లక్షల అయిదు అని రాశాను. అయిదుతో వెంటనే పోయింది.