సరూప పేరు మీద గాటు

పదకొండేళ్లు ఒక అబద్ధం మోశాను. పోయిన నెల దాకా ఎవరికీ చెప్పలేదు. నేను సర్జన్ని. అప్పట్లో మహబూబాబాద్‌లో పని చేసేవాణ్ణి.

నెల్లికుదురు నుంచి ఒకామె ముంజేతి మీద కొవ్వుగడ్డతో వచ్చింది. కూలిపని చేసుకునే మనిషి. గడ్డను ఆనుకుని పచ్చబొట్టు, మూడక్షరాలు: సరూప. ఆమెకు చదువు రాదు. అయినా ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చూపించింది.

"సారూ, గీ పేరు మీద కత్తి పెట్టకుండ్రి. నా బిడ్డది. జరమొచ్చి పోయింది. ఫొటో సుత లేదు."

"పెట్టనమ్మా," అన్నాను.

గడ్డకు అవతలి పక్క నుంచి కోస్తే సరిపోయేది. కొంచెం ఎక్కువసేపు పట్టేది, అంతే. బయట ఇంకో నలుగురు ఎదురుచూస్తున్నారు. నర్సు "సార్, పేరు" అని గుర్తు చేసింది కూడా. విననట్టు పేరు మీదుగానే తిన్నగా కోసేశాను. మరిచిపోయానని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. మరిచిపోయానా? లేదు. ఒక కూలిమనిషి చేతిమీది మూడక్షరాల కోసం అంతసేపు ఎందుకనుకున్నాను. కుట్లు వేశాక నడిమి అక్షరం లేదు.

కట్టు విప్పిన రోజు ఆమె చాలాసేపు చెయ్యి చూసుకుంది. "గడ్డ పేరు కిందికి పాకిందమ్మా, వేరే దారి లేకుండె," అన్నాను. ఆమె అదే చేతిని రెండో చేతితో కలిపి దండం పెట్టింది. "మీరేం జేస్తరు సారూ, మంచిగ జేసిన్రు." తిట్టి ఉంటే ఇంత కాలం గుర్తుండేది కాదేమో.

ఇప్పుడు జనగామలో ఉంటున్నాను. పోయిన నెల ఒక ఆదివారం నెల్లికుదురు వెళ్లి ఆమె ఇల్లు వెతికి పట్టుకున్నాను. వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తోంది. నిలబడే అంతా చెప్పాను. పేరు మిగిల్చే దారి ఉండిందని, తొందరలో కోశానని, తర్వాత అబద్ధమాడానని.

ఆమె చేతిలో కాయ కింద పెట్టింది.

"గప్పుడు అడిగిన గదా సారూ."

అంతే. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. కాయ అందుకుని మళ్లీ తొడిమలు తీయసాగింది. నేను వచ్చేశాను.

తిరుగు బస్సులో నాకు ఊపిరి సాఫీగా ఆడింది. ఆమెను మళ్లీ బాధపెట్టి నేను తేలికపడ్డానా? కావచ్చు. ఆమె క్షమించలేదు, నేను అడగనూ లేదు. కానీ ఆమె చెయ్యి ఎందుకలా ఉందో ఇప్పుడు ఆమెకు నిజం తెలుసు. ఇంటికొచ్చి నా భార్యకు చెప్పాను. ఈ రోజు మీకు.